పనియు, సన్నిధియు

ప్రొద్దు గ్రుంకి దీపములు పెట్టిన పిమ్మట, ఆ దినమున ఏమేమి చేసితిమో మనస్సులో లెక్క వేసికొనుట మనలో అనేకులకు అలవాటు. ఇల్లాలు వంట మొదలు ఉతుకు వరకు తాను చేసిన పనులను, ఉద్యోగి తన బల్లమీదనుండి కదలిన కాగితములను, ఉపాధ్యాయుడు దిద్దిన వ్రాతపుస్తకములను, సంఘకాపరి తాను దర్శించిన గృహములను లెక్కించుకొందురు. లెక్క నిండుగా నున్ననాడు నిద్ర సుఖముగా పట్టును. కొరతగా నున్ననాడు అపరాధము చేసినవారివలె ప్రక్కమీద దొర్లుదుము. ఈ అలవాటు చెడ్డదని మేము చెప్పబోము. కాలమును ఊరక పోనిచ్చువానికంటె లెక్క చూచుకొనువాడు ఎప్పుడును నయమే.

అయితే క్రైస్తవ గృహములలో ఈ లెక్క కుటుంబ ప్రార్థనలోనికి గూడ ప్రవేశించినది. ఆనాటి పనుల పట్టికలో ప్రార్థనయు ఒక పని యైనది. కీర్తన పాడితిమి, అధ్యాయము చదివితిమి, మోకాళ్ళూనితిమి, ముగిసినది. ఇక భోజనమునకు లేవవచ్చును. ఈ కాలమున చేతిలోని ఫోను సైతము ఎన్ని దినములు వరుసగా వాక్యము చదివితిమో లెక్కపెట్టి చెప్పుచున్నది. ఒక్కనాడు తప్పినచో లెక్క మరల ఒకటినుండి ఆరంభమగును. ఆ వాక్యములో మనతో మాటలాడినవా డెవడో, ఆయనకు మనము ఏమి బదులు చెప్పితిమో, అది మాత్రము ఆ లెక్కకు అందదు.

దేవునికొరకు ఏమి చేసితిమి అనునది ఒక ప్రశ్న. దేవునితో ఉంటిమా అనునది మరియొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు సులభముగా బదులు చెప్పగలవారు రెండవదానికి తడబడుదురు. ఈ రెండింటిలో ఏది ముందు రావలెనో విచారించుటయే నేటి మన ప్రసంగ విషయము.

ఈ విచారమునకు లూకా సువార్త 10వ అధ్యాయమువంటి ఆధారము మరియొకటి లేదు. మార్త, మరియ అను అక్కచెల్లెండ్ర వృత్తాంతము ఆ అధ్యాయపు చివర నున్నది. దానిని విడిగా తీసి చదువుటయే మనకు అలవాటు. కాని అధ్యాయమును మొదటినుండి చదివినవారికి లూకా ఎంత జాగ్రత్తతో దానిని అచ్చట నిలిపెనో బోధపడును.

అధ్యాయారంభమున యేసుప్రభువు డెబ్బదిమంది శిష్యులను ఇద్దరిద్దరిగా ఊళ్ళమీదికి పంపుచున్నాడు. కొన్ని ప్రాచీన ప్రతులలో డెబ్బది యిద్దరని యున్నది. ఆ భేదముతో మనకు పని లేదు. వారు తిరిగి వచ్చి, ఆయన నామమున దయ్యములు సైతము తమకు లోబడుచున్నవని మహోత్సాహముతో చెప్పిరి. అది స్వార్థపు పని కాదు. గొప్పకొరకు చేసినదియు కాదు. ప్రభువే పంపగా పోయి, ప్రభువు నామముననే చేసిన పని. అట్టి పనిలో గలిగిన విజయమును గూర్చి గూడ, ఆత్మలు లోబడినవని సంతోషింప వలదనియు, తమ పేర్లు పరలోకమందు వ్రాయబడియున్నవని సంతోషింపుడనియు ఆయన వారికి చెప్పెను. పని నిష్ఫలమైనప్పుడు చెప్పిన ఓదార్పు మాట గాదిది. పని ఫలించినప్పుడు చెప్పిన మాట యగుటచేతనే దీనిని చదివి మనము తొట్రుపడుదుము.

తరువాత వచ్చునది మంచి సమరయుని కథ. గాయపడి త్రోవప్రక్కన పడియున్నవానిని చూచి యాజకుడును లేవీయుడును తొలగిపోయిరి. పరజాతివాడు దిగి వచ్చి, గాయములు కట్టి, తన వాహనముమీద నెక్కించి, సత్రమునకు చేర్చి, రొక్కము గూడ ఇచ్చెను. నీవును అట్లే చేయవలెనని ప్రభువు ఆ ధర్మశాస్త్రోపదేశకునికి ఆజ్ఞాపించెను. ఇది అంతయు చేయుటను గూర్చిన బోధ. ఊరక కూర్చున్నవాడు ఈ కథలో మెప్పు పొందలేదు.

ఈ కథ ముగిసిన వెంటనే మార్త యింటి తలుపు తెరచుకొనుచున్నది. లూకా ఆ గ్రామము పేరు చెప్పలేదు. అది బేతనియ యని, యెరూషలేమునకు దాదాపు కోసెడు దూరమున నున్నదని యోహాను సువార్తవలన మనకు తెలియుచున్నది. మార్త ప్రభువును ఇంటికి చేర్చుకొనెను. చెల్లెలు మరియ ఆయన పాదములయొద్ద కూర్చుండి వినుచుండెను. అక్కకు పని ఎక్కువయ్యెను. చివరకు ఆమె వచ్చి, చెల్లెలు తన్ను ఒంటరిగా విడిచినదని చెల్లెలితో గాక అతిథితోనే ఫిర్యాదు చేసెను. పనులవలన ఆమె కలతపడుచున్నదనియు, అవసరమైనది ఒక్కటే యనియు, మరియ ఆ మంచి భాగమును ఎన్నుకొన్నదనియు ఆయన చెప్పెను.

మన స్త్రీలలో అనేకులకు ఈ వృత్తాంతము వినునప్పుడు లోలోపల కొంచెము కోపము వచ్చును. వారు పైకి చెప్పరు. కాని అందరును పాదములయొద్ద కూర్చున్నయెడల పొయ్యి ఎవరు వెలిగింతురని తలంతురు. ఆ కోపము న్యాయమైనదే. దానికి సరియైన సమాధానము చెప్పకుండ మరియను పొగడుచు పోయెడి ప్రసంగీకుడు సాధారణముగా వంట చేసి యెరుగనివాడై యుండును.

సమాధానము వృత్తాంతములోనే యున్నది. మార్త వంట చేసినందుకు ఆయన ఆమెను గద్దింపలేదు. లూకా గ్రీకుభాషలో ఆమె స్థితికి వాడిన క్రియాపదమునకు నలుప్రక్కలకును లాగబడుట యని యర్థము. పని చేయుచున్న చేతులను గూర్చి గాక, ఛిన్నాభిన్నమైన మనస్సును గూర్చి చెప్పిన పదమది. మన యిండ్లలో జరుగుదానిని తలచికొన్నచో ఇది సులభముగా తెలియును. చాలకాలమునకు దూరపు ఊరినుండి ఆడపడుచు వచ్చినది. వదినగారు కాళ్ళకు నీళ్ళిచ్చి, కుశలమడిగి, వంటయింటిలోనికి పోయినది. పప్పు పొయ్యిమీద నుండగానే పులుసు, పులుసు కాగక మునుపే గారెలు. ఇంతలో పెరుగు చాలదని పొరుగింటికి కబురు. వచ్చినావిడ రెండు మారులు, "వదినా, ఇటు వచ్చి కాస్త కూర్చుండుము, నిన్ను చూడవలెనని వచ్చితిని గాని విందుకొరకు గాదు" అని పిలిచినది. "ఇదిగో వచ్చుచున్నాను" అని లోపలినుండి బదులు వచ్చినది గాని మనిషి రాలేదు. భోజనము అమోఘముగా నున్నది. సాయంకాలపు బండికి ఆమె వెడలిపోయినది. ఆమె ఏమి చెప్పుకొనుటకు వచ్చినదో ఎవరికిని తెలియలేదు.

ఇందులో ప్రేమ లేదని ఎవరనగలరు? ప్రేమ చేతనే గదా ఆ వంటయంతయు! అయినను అతిథి పేర ఆరంభమైన పని అతిథిని మరపించినది. భక్తుని పనికి గలిగెడి అపాయము ఇట్టిదే. దేవునికి విరోధమైన పని మనలను ఆయననుండి దూరము చేయునని అందరును ఎరుగుదురు. దేవుని పేర చేయు పనియే అట్లు చేయగలదని ఎరిగినవారు కొందరే. ఆదివార పాఠశాలయు, స్త్రీల సమాజమును, నిర్మాణసంఘమును, క్రిస్మసు కానుకల వసూలును, అన్నియు మంచివే. వీటిలో మునిగినవానిని పట్టుకొని, నీవు ప్రభువుతో మాటలాడి ఎంతకాలమైనదని అడిగినచో, ఆయన పనిలోనే యున్నాను గదా యని ఆశ్చర్యపడును.

మరియొక్క సంగతి. పాదములయొద్ద కూర్చుండుట యనగా సోమరితనము గాదు. ఆ కాలపు యూదులలో అది శిష్యుని స్థానము. పౌలు తాను గమలీయేలు పాదములయొద్ద పెరిగితినని చెప్పుకొన్నది ఈ యర్థముననే. కాబట్టి మరియ తీసికొన్నది విశ్రాంతి గాదు, శిష్యరికము. మార్కు సువార్తయందు గూడ ఇదే క్రమము కానవచ్చును. ప్రభువు పన్నిద్దరిని ఎందుకు నియమించెనో చెప్పునప్పుడు, వారు తనతో నుండుటకు అనునది మొదటిది. ప్రకటించుటకు వారిని పంపుట తరువాతిది. ఈ క్రమమును తారుమారు చేసికొన్నవారే మనలో ఎక్కువమంది.

ప్రాచీన కాలమునుండి క్రైస్తవ వ్యాఖ్యాతలు మార్తను క్రియాజీవనమునకును మరియను ధ్యానజీవనమునకును గురుతులుగా చెప్పుచు వచ్చిరి. దీనివలన ఒక చిక్కు కలిగినది. మఠములో నున్నవారికి మరియ భాగము, సంసారులకు మార్త భాగము అని పంపకము జరిగినట్లయినది. 1260 ప్రాంతమున పుట్టిన జర్మను బోధకుడు ఎక్హార్టు ఈ పంపకమును ఒప్పుకొనక, మార్తయే పరిపక్వత నొందినదనియు, మరియ ఇంకను నేర్చుకొనుచున్నదనియు ఒక ప్రసంగమున సాహసముతో వాదించెను. ఆయన వ్యాఖ్యానము లూకా మాటలకు సరిపడునని మాకు తోచదు. అయినను ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రము నిలుచును: చేతిలో గరిటె నుండగానే పాదములయొద్ద కూర్చుండుట సాధ్యమా?

సాధ్యమే యని ఒక వంటవాడు జీవించి చూపెను. ఆయన కథను కొంత వివరముగా చెప్పుకొనుట యవసరము.

1614 ప్రాంతమున లొరేను సీమలో నికొలా హెర్మను అను బాలుడు పేద యింట పుట్టెను. ఆ సీమ నేడు ఫ్రాన్సుదేశమున చేరియున్నది. పదునెనిమిదేండ్ల ప్రాయమున ఒక శీతకాలమున ఆకులు రాలిన చెట్టును చూచి, ఇది మరల చిగిర్చి, పూచి, కాయును గదా యని తలంచినంతనే దేవుని శక్తియు కృపయు ఆయన మనస్సునకు గట్టిగా తోచినవట. అయినను వెంటనే సన్యసింపలేదు. ముప్పది యేండ్ల యుద్ధమున సిపాయియై, గాయపడి, కుంటివాడయ్యెను. పిమ్మట ఒక ధనికుని యింట నౌకరుగా కుదిరెను. ముట్టిన వస్తువునెల్ల పగులగొట్టెడి మొద్దునని తన్ను గూర్చి తానే చెప్పుకొనెను. చివరకు 1640లో పారిసు నగరమందలి కర్మెలు మఠమున చేరెను. చదువు లేనందున యాజకుడు గాక సేవకసహోదరుడుగానే యుండెను. అచ్చట ఆయనకు లారెన్సు అను పేరు పెట్టిరి.

మఠములో ఆయనకు దొరకిన పని వంట. స్వభావముచేత ఆయనకు వంటపని మీద ఏవగింపు. అయినను సుమారు పదునైదేండ్లు ఆ వంటయింటనే గడిపెను. మఠములో అన్నిటికంటె సందడిగా నుండు చోటు వంటయిల్లు. ఒకరు ఒకటి అడుగుచుండగా మరియొకరు మరియొకటి అడుగుదురు. గంట మ్రోగునప్పటికి భోజనము సిద్ధము కావలెను. ఆ సందడిలో గూడ, గుడిలో మోకాళ్ళూనినప్పుడు ఉండునంతటి నెమ్మదితోనే తాను దేవునితో నుండగలుగుచున్నానని ఆయన 1666లో తన్ను చూడవచ్చిన జోసెఫు ద బొఫోరు అను యాజకునితో చెప్పెను. ఆ సంభాషణలును, లారెన్సు వ్రాసిన కొన్ని జాబులును, ఆయన చనిపోయిన తరువాత ఈ బొఫోరే అచ్చువేయించెను. లోకమునకు ఆయన మిగిల్చినది ఇంతే. ఒక మఠమును స్థాపింపలేదు, దూరదేశమునకు పోయి బోధింపలేదు, గ్రంథమని చెప్పదగిన గ్రంథమును వ్రాయలేదు.

ఆయన సాధనలో గొప్ప యంత్రమేమియు లేదు. పెనముమీది రొట్టెను దేవుని ప్రేమకొరకు త్రిప్పెదను. అంతకంటె చేయునది లేనప్పుడు నేలమీది గడ్డిపరకను ఆయన ప్రేమకొరకే తీసెదను అను రీతిగా ఆయన మాటలాడెడివాడు. పని మొదలిడునప్పుడు ఒక చిన్న మాట. పని నడుమ ఒక తలపు. పని ముగిసినప్పుడు కృతజ్ఞత. మనస్సు చెదరి దేవుని మరచినప్పుడు తన్ను తాను నిందించుకొనుచు కాలము గడుపక, నన్ను నా మానమున విడిచిపెట్టినచో నేనింతే యని ఆయనతో చెప్పి, మరల ఆయనవైపు తిరుగుట. ఈ చివరి మాట మాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. ఏలయన, మనము తప్పిన ప్రార్థనను గూర్చి దుఃఖించుటను గూడ ఒక పనిగా పెట్టుకొందుము. ఆ దుఃఖమున మన దృష్టి మనమీదనే నిలిచియుండును.

ఇది సులభముగా దొరకినదని తలంపరాదు. మఠమున చేరిన తరువాత మొదటి పదియేండ్లు ఆయన తీవ్రమైన మనోవేదన ననుభవించెను. తాను కోరినంతగా దేవునికి చెందినవాడను గానను భయము, గడచిన పాపముల జ్ఞాపకము, దేవుడు తనకు చేసిన యుపకారముల బరువు ఆయనను క్రుంగదీసెను. తుదకు బ్రతికినంతకాలము ఈ వేదనలోనే యుండవలసివచ్చినను సరే, దేవునిమీది ప్రేమకొరకే సమస్తమును చేసెదనని నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయము తరువాతనే నెమ్మది వచ్చెను. నెమ్మదికొరకు ఆయన దేవుని వెదకలేదనుట గమనింపదగినది.

ఒకసారి ద్రాక్షారసము కొనుటకు ఆయనను బుర్గుండీ సీమకు పంపిరి. ఆయనకు బేరము తెలియదు. కుంటికాలితో పడవలో నడువలేక పీపాలమీద దొర్లుచు పోవలసివచ్చెను. అయినను, ఇది నీ పనియే గదా యని దేవునితో చెప్పి పోయితిననియు, పని చక్కగా జరిగెననియు, ఎట్లు జరిగెనో తనకు తెలియదనియు ఆయన చెప్పెను. పిదప కాలి బాధచేత వంటపని మాన్పించి పాదరక్షలు బాగుచేయు పనికి పెట్టిరి. వంటవాడు చెప్పులు కుట్టువాడయ్యెను. ఆయన మాత్రము మారలేదు. పని చేజారినంతనే సర్వమును పోయినదని ఏడ్చువాడు పనిని ప్రేమించినవాడు. లారెన్సు ప్రేమించినది పనిని గాదు.

ఇచ్చట కొందరు సందేహింతురు. దేవుని సన్నిధి, దేవుని సన్నిధి యని చెప్పి జనులను సోమరులను చేయరాదు గదా యని. ఈ భయము పౌలు కాలమునుండి యున్నదే. థెస్సలొనీకయలో కొందరు ప్రభువు రాకడను సాకుగా బెట్టి పనులు మానగా, పని చేయనొల్లనివానికి భోజనము గూడ వలదని ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. ఆయనయే కొరింథులో డేరాలు కుట్టి బ్రతికెను. ప్రార్థన పేర ఇంటి భారమంతయు భార్యమీద విడిచి, కూటమునుండి కూటమునకు తిరుగు మగవారు మన సంఘములలో లేకపోలేదు. వారు మరియ శిష్యులమని చెప్పుకొన్నను మరియ వారిని ఎరుగదు. లారెన్సు వండిన వంట మాడలేదు. ఆయన అంట్లు తోముటకు మరియొకరు రావలసిన పని లేకపోయెను. సన్నిధిలో నున్నవాని పని సామాన్యముగా మెరుగగునే గాని తరుగదు; ఎందుకనగా అతనికి ఆ పనిచేత ఎవరినో మెప్పింపవలెనను ఆతురత యుండదు.

పారిసు మఠమును విడిచి ఇక మన తెలుగుదేశమునకు వత్తము. ఇచ్చట క్రైస్తవ సంఘ చరిత్రలో ఒక పెద్ద సంఖ్యను మనవారు తరచుగా చెప్పుకొందురు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటి యొడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ధాత కరువు దేశమును పీడించిన కాలమది. ఒంగోలులోని అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. అన్నముకొరకు మతములో చేరిరను మాట రాకుండుటకై కరువు సహాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. ఆ జూలై దినమున బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో నిలిచిరి. గొప్ప కార్యమే, సందేహము లేదు.

అయితే ఈ సంఖ్యకు వెనుక మరియొక సంఖ్య కలదు. అది అయిదు. 1853లో అమెరికాయందలి మిషను పెద్దలు తెలుగు మిషనును మూసివేయుదుమా యని చర్చించిరి. పదునేడేండ్లుగా పని చేసినను చెప్పదగిన ఫలము కనబడకపోవుటయే కారణము. ఆ స్థితిలో నెల్లూరునుండి సంచారమునకు వచ్చిన లైమన్ జూయెట్టు దంపతులును, ముగ్గురు తెలుగు క్రైస్తవులును 1854 జనవరి 1వ తేదీ తెల్లవారకమునుపే ఒంగోలు కొండ నెక్కి ప్రార్థించిరి. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ యందురు. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని వారు కోరిరి. క్లౌ అచ్చటికి వచ్చినది 1866లో. నడుమ పండ్రెండేండ్లు గడచినవి.

ఈ కథను మనము చెప్పెడి తీరు ఒకటి కలదు. అయిదుగురు ప్రార్థించిరి, వేలమంది వచ్చిరి. కావున ప్రార్థింపుడు, ఫలము వచ్చును అని. వినుటకు బాగుగనే యున్నది. కాని ఈ తీరున చెప్పినప్పుడు కొండమీది ఆ ఉషఃకాలము 2,222కు పెట్టుబడి యైపోవును. ప్రార్థన సైతము కార్యసాధనకు పనిముట్టగును. మార్త వంటయింటినుండి తప్పించుకొని వచ్చి, కొండమీద మరియొక వంటయిల్లు కట్టినట్లే! మేము అడుగు ప్రశ్న ఇది: క్లౌ రాకయే పోయినయెడల, గుండ్లకమ్మ యొడ్డున ఎవరును నిలువకయే పోయినయెడల, ఆ అయిదుగురి ప్రార్థన వ్యర్థమై యుండెడిదా?

ఆనాటి ఉదయమున వారు ఒట్టి చేతులతోనే దిగి వచ్చిరి. ఒంగోలు అంతకుముందెట్లుండెనో అట్లే యుండెను. జూయెట్టు నెల్లూరునకు తిరిగిపోయి తన పని చేసికొనుచుండెను. పండ్రెండేండ్లపాటు చూపుటకు వారి చేతిలో ఏమియు లేదు. ఆ పండ్రెండేండ్లును వారికి ఆధారమైనది రాబోవు సంఖ్య గాదు, అది వారికి తెలియనే తెలియదు. తాము ఎవరి యెదుట మోకాళ్ళూనిరో ఆయనయే వారికి చాలెను. ఈ మాట చెప్పుటవలన 1878వ సంవత్సరపు గొప్పతనము తగ్గదు. ఆ వేలమందిని గూడ ప్రభువు సంఖ్యగా చూచి యుండడని మా నమ్మిక.

ఇంతదూరము వాదించుటకు ఒక ముఖ్య కారణమున్నది. ఇది వేదాంతుల చర్చ మాత్రమే యైనచో ఎట్లున్నను నష్టము లేదు. కాని మన విలువ మనము చేయు పనిలోనే యున్నయెడల, పని చేయలేనివారి గతి యేమి? ప్రతి సంఘములోను అట్టివారున్నారు. నలువదియేండ్లు సైకిలుమీద ఊరూర తిరిగి బోధించి, పక్షవాతము వచ్చి నులకమంచమున పడిన వృద్ధ సంఘకాపరి. ఆసుపత్రిలో వేలమంది బిడ్డలకు పురుడుపోసి, నేడు తన మనుమరాలి పేరును గుర్తుంచుకొనలేని మంత్రసాని. కీర్తనల పుస్తకము కంటికి ఆనక, పాడుచున్నవారి పెదవులవైపు చూచుచు కూర్చుండు అవ్వ. వీరిలో అనేకులు లోలోపల ఒక్కటే మాట అనుకొనుచుందురు: ఇక నేనెందుకు, దేవునికి నావలన ఏమి పని? జీవితమంతయు మనము వారికి పనిని గూర్చియే బోధించితిమి. పని ఉడిగిన దినమున చేత పట్టుకొనుటకు వారికి ఏమియు మిగుల్చలేదు. ఇది సంఘము పడిన అప్పు.

సిలువమీద ప్రభువు ప్రక్కన వ్రేలాడిన దొంగకు మంచిపని యొక్కటైనను చేయుటకు సమయము లేకపోయెను. కాళ్ళును చేతులును కొయ్యకు బిగింపబడియుండెను. నన్ను జ్ఞాపకము చేసికొనుమని అడుగుట మాత్రమే అతడు చేసినది. అతనికి దొరకిన వాగ్దానములో ముఖ్యమైన మాట పరదైసు గాదు, తనతో గూడ నుండుట. పన్నిద్దరిని పిలిచిన దినమున వారికి ఏది మొదట నియమింపబడెనో అదియే ఈ నేరస్థునికి చివరి గడియలో ఇయ్యబడెను.

మనము అట్టి పెద్దలను చూడబోయినప్పుడు ఏమి మాటలాడవలెనో తోచక, "ఏమి చేయుచున్నారు తాతగారూ?" అని అడుగుదుము. "ఏమున్నది నాయనా, ఊరక పడియున్నాను" అని వారు సిగ్గుపడుచు చెప్పుదురు. 1691 ఫిబ్రవరిలో పారిసు మఠమున మంచముపట్టి యున్న లారెన్సు సహోదరుని గూడ ఒకరు ఇట్లే అడిగిరి, ఏమి చేయుచున్నావు, నీ మనస్సు దేనిమీద నున్నదని. అప్పటికి ఆయనకు ఎనుబదియేండ్లకు చేరువ. గరిటె పోయెను, చెప్పులు కుట్టు సూదియు పోయెను. దేవుని స్తుతించుట, ఆరాధించుట, పూర్ణహృదయముతో ప్రేమించుట, నిత్యత్వమంతట నేను చేయబోవు పని యేదో దానినే చేయుచున్నాను అని ఆయన చెప్పెను. ఆ నెల 12వ తేదీన ఆయన కన్నుమూసెను.